నరాంహ

సాల్మియాలో, అద్దె ఫ్లాట్‌లో
శుక్రవారం ప్రార్థన అయ్యాక
బస్సు వచ్చేలోగా వీళ్ళంతా చుట్టూ మూగుతారు.
స్పెయిను ఎలా ఉందే? చెప్పవే.

ఏం చెప్పను?
ఆ తొమ్మిది రోజులూ నా కళ్ళ ముందున్నది
పిల్లాడి తోపుడుబండి గొడుగు.
దాని అంచుకి పైన ఎంత ఊరు కనపడితే
అంత ఊరే చూశాను.
అంచుకి కింద బదర్, వాడి పాలసీసా, వాడి తుమ్ములు.

సముద్రం ఉంది. రేవు ఉంది.
క్రేన్లు మన షువైఖ్‌లోవే, అవే పొడుగు మెడలు.
పొద్దున్నే తెల్ల ఓడ ఒకటి వచ్చి
ముసలి దొరల్ని, దొరసానుల్ని దింపింది.
సాయంత్రం మళ్ళీ ఎత్తుకుపోయింది,
ఎండబోసిన వడ్లు మబ్బు పట్టగానే ఎత్తినట్టు.

ఊరి పేరు మాలగా.
అనగానే ఎస్తేరక్క ఒకటే నవ్వు.
కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది,
"ఎక్కడికెళ్ళినా మనం మాలగానే కదే వెళ్ళేది!"
ఇంకెవరూ నవ్వలేదు.
కాసేపాగి అందరం నవ్వాం.

ఇసకలో పాత పడవ, పడవ నిండా నిప్పులు.
పుల్లలకి కవళ్ళు గుచ్చి వరసగా నిలబెట్టారు.
ఆ పొగకి నా కడుపు
అంతర్వేది దాకా పోయి వచ్చింది.
మామా ఫోనులో ఉంది
(మామా అంటే మేనమామ కాదు, ఇక్కడ ఇంటావిడ).
బాబా నిద్రలో ఉన్నాడు.
కాల్చే ముసలాయన నన్ను చూశాడు,
నా చేతుల్ని చూశాడు,
కాగితం మీద ఒక చేప పెట్టి ఇచ్చాడు.
నడుం ముల్లు నేను ఒక్క లాగులో తీసిన తీరుకి
తలూపాడు, పనివాడు పనివాణ్ణి మెచ్చినట్టు.
ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

పాస్‌పోర్టు మామా సంచిలో, లిప్‌స్టిక్ పక్కన.
ముద్ర వేసినప్పుడూ నా చేతికి రాలేదు.
ఆ ముద్ర ఏ రంగో అడక్కండి.

ఆరో రోజో, ఏడో రోజో.
వీధి పొడుగూతా చెట్లు, చెట్ల నిండా పళ్ళు.
ఎవరూ కొయ్యరు.
రాలి, కార్ల కింద పడి చితుకుతున్నాయి.
మామా ఇచ్చిన పాత కోటు జేబులోకి
ఒకటి ఏరుకున్నాను.
వీధి ఊడ్చే ఆవిడ చూసేసింది.
చీపురు ఆపి, మూతి వంకర పెట్టి, వేలు ఊపి
"నరాంహ అమార్గ" అంది.

రెండో మాటేంటో ఆ మూతే చెప్పింది.
కానీ మొదటి మాట!
పద్నాలుగేళ్ళుగా ఈ వంటింట్లో
బుర్తుఖాల్, బుర్తుఖాల్ అంటూ
ఎవరి పిల్లలకో తొనలు ఒలిచాను.
ఈ నోరు ఇంక ఆ మాటకే అలవాటైందనుకున్నాను.
ఇదిగో, నీళ్ళ ఆ చివర, చీపురు పట్టుకున్న ఒక ఆడది
మా అమ్మమ్మ పెరట్లో మాటని
గొంతులో కాస్త గరగరలాడించి
నా ముందుకి తోసింది.

"నారింజ" అన్నాను.
"నరాంహ" అంది, తప్పు దిద్దుతున్నట్టు.
"నారింజ" అన్నాను, నేనూ దిద్దుతున్నట్టే.
బండిలోంచి బదర్ మార్చి మార్చి చూస్తున్నాడు.
ఇద్దరిలో ఒక్కరమూ తగ్గలేదు.
తర్వాత ఆవిడ ఊడ్చుకుంటూ అటెళ్ళింది,
నేను బండి తోసుకుంటూ ఇటొచ్చాను.

పండుని సాక్సులో చుట్టి తెచ్చాను.
రాత్రి వంటిల్లు కడిగాక
ముక్కలు కోసి, ఉప్పూ కారం కలిపి,
జైతూన్ కాయల ఖాళీ సీసాలో కుక్కాను.

ఎస్తేరక్క మూత తీసి వాసన చూసింది.
చిటికెన వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
అందరూ ఆమె మొహంలోకి చూస్తున్నారు.
"ఇంకా ఊరాలే" అంది.

బస్సు హారన్ కొట్టింది.