మోకాలెత్తు ఇల్లు

సిగరెట్టు మానింది ఉదిత కోసమే.
ముద్దు పెట్టుకోబోతే ముక్కు మూసుకుని
"నాన్న కంపు" అందని.

అప్పుడే ఓడ దిగిన కాసులు
జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు
పెన్నులాంటిది ఒకటి,
దాంట్లో పోసుకోడానికి బొటనవేలంత సీసా ఒకటి.
"పొగ కాదురా, ఆవిరి. మామిడిపండు వాసన."
సీసా మీద పండు బొమ్మ.
మిగతావన్నీ నాకు రాని అక్షరాలు.

ఎండకి పాడవుతుందని ఫ్రిజ్ తలుపులో పెట్టాను,
గ్రైప్ వాటర్ పక్కన,
అమ్మ కంటిచుక్కల పక్కన.
అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.
ఈ మాట తర్వాత ఎంతమందికి చెప్పానో.

ఆదివారం. కంచరపాలెంలో కరెంటు పోయి వచ్చింది.
పొయ్యి మీద వంజరం పులుసు.
తలుపు మూయలేదని ఫ్రిజ్ అదే పనిగా కూస్తోంది.
"ఎవరక్కడ, తలుపెయ్యండి" అని అరిచాను
మంచం మీంచి లేవకుండానే.

గౌను ముందంతా తడి. పెదాల మీద జిగురు.
చేతిలో మూతలేని సీసా.
"జూసు, నాన్నా. మంట."

తర్వాత వాంతి. ఆగని చొంగ.
సున్నం కొట్టిన గోడలా ముఖం.
చలి లేని మధ్యాహ్నం
దాని వేళ్ళు నా వేళ్ళలో వణకడం.

అమ్మ ఉప్పునీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.
"బేగి కక్కించీండ్రా, గుంట కళ్ళు తేలేస్తంది!"
కింద వాటాలో మందులషాపు ఈశ్వర్రావు
మెట్లు రెండేసి ఎక్కొచ్చి గ్లాసు లాగేసుకున్నాడు.
"ఏమీ తాగించకండి, కక్కించకండి.
గౌను విప్పి ఒళ్ళు కడగండి, చర్మంలోంచీ ఎక్కుతుందది.
సీసా పారెయ్యొద్దు. సీసా పట్టుకుని పదండి."

సుగుణ 108కి చేస్తూనే ఉంది, ఆటో ముందు దొరికింది.
కాన్వెంట్ జంక్షన్లో పోర్టు లారీల బారు.
రోజూ గేటు దగ్గర జెండా ఊపి
ఆ లారీలని కదిపేది నేనే.
ఆ రోజు ఒక్కటీ నా మాట వినలేదు.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
సీసాని లైటుకి ఎత్తిపట్టి అడిగింది:
"ఎంత ఉండేది? ఎంత తాగింది?"
నాకు తెలీదు.
"ఈ వయసుకి చెంచాడు కూడా అక్కర్లేదు" అంది,
నన్ను చూడకుండా.

రాత్రంతా దాని గుండెని మిషన్ మీద చదివాను.
చదువు రానివాడు బస్సు బోర్డు చదివినట్టు.
హార్బర్లో ఏదో ఓడ కూత పెట్టింది.
కాసులు గుర్తొచ్చాడు.
వాడికీ నాలుగేళ్ళ కొడుకు.
అర్ధరాత్రి అయినా ఫోన్ చేశాను.

తెల్లారి కళ్ళు తెరిచి
"నా పూల గౌనేదీ?" అని కోప్పడింది.
నేను బయటికెళ్ళి గోడకి ఆనుకున్నాను.

ఇంటికొచ్చాక మోకాళ్ళ మీద పాకాను, గది గదికీ.
ఆ ఎత్తునుంచి నా ఇల్లు నేనే గుర్తుపట్టలేదు.
సింకు కింద థమ్సప్ సీసాలో ఫినాయిల్.
ప్లగ్గుకి వేలాడుతూ, సరిగ్గా కళ్ళకెదురుగా దోమలమందు.
దిండు కింద అమ్మ బీపీ బిళ్ళలు,
పుట్టినరోజు చాక్లెట్ల రంగులో.

షిప్‌యార్డులో నాన్న పనిముట్లు దాచుకున్న ఇనప పెట్టె
అటక మీంచి దించి, అన్నీ అందులో వేసి,
తాళం బిగించి మళ్ళీ పైకెక్కించాను.
ఆ పెన్ను ఒక్కటీ సుత్తితో కొట్టాను.
తాళంచెవి మొలతాడుకి.
"లంకెబిందెలున్నట్టు కడతన్నావేటిరా" అంది అమ్మ.
నేను నవ్వలేదు.

సిగరెట్టు? రెండుసార్లు కాల్చాను, దాచను.
ఇప్పుడు మళ్ళీ మానుతున్నాను,
ఈసారి ఏ వాసనా లేకుండా.

మే నెలలో ఉదిత రెండు టెంకలు చీకి,
మోచేతుల దాకా రసంతో వచ్చి
ఒక ముక్క నా పెదాలకి ఆనించింది.
నోరు తెరవలేకపోయాను.

"అమ్మా, నాన్నకొద్దంట" అని అరిచి
మూడో పండు కోసం పరిగెత్తింది.