చెప్పులు విడిచి వినేవాడు

బేతంచెర్లలో పెళ్లి హాలంటే
కింద నాపరాయి, గోడకు నాపరాయి, పైన రేకు.
మద్దిలేటన్న లోపలికి రాగానే
అరచేతులు ఒక్కసారి చరిచి
ఆ చప్పుడు తిరిగొచ్చేదాకా కాచుకున్నాడు.
"మూడుసార్లొచ్చింది. ఈపొద్దు నీకు కష్టమే అబ్బయా."

పగలు నేను బండలకు పాలిష్ పడతాను.
సాయంత్రమైనా వేళ్లలో మిషను తిరుగుతూనే ఉంటుంది.
నా బేస్ గిటారు తొమ్మిది వేలకు కొన్న పాతది,
మెడ కొంచెం వంకర.

ముందు నా పెట్టెను మూలలోంచి లాగించాడు.
"మూల దొరికితే లావు స్వరానికి సోమరితనం.
ఆడనే కూలబడి గురక పెడతాది.
ఇంగా ముందుకు. ఇంగా. ఆ, చాలు."

తర్వాత గుయ్యిమనే రొద.
కేబుల్ మార్చబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండు. లావు తీగ, మూడో మెట్టు. మీటు."
మీటాను.
తీగకూ కరెంటుకూ వెంట్రుకవాసి తేడా,
ఆ సందులో ఏదో ఊయల ఊగింది.
"ఇన్నావా, కరెంటోళ్లదీ నీ శ్రుతే.
ముందు దాన్ని ఎళ్లగొట్టకపోతే
నువ్వు వాయించిందేదో, బిల్లు కట్టిందేదో
జనానికి ఎట్ల తెలుస్తాది?"
లైట్ల వైరు పక్కనే పండుకున్న నా వైరును లేపి
దానికి అడ్డంగా దాటించాడు,
కాలవ మీద దుంగ వేసినట్టు.

"డ్రమ్ముల ఏసోబు, నువ్వు, ఒకే గెనిమ మీద నడిస్తే
ఒకడు బురదలో దిగాల.
వాని కాలి దెబ్బ కింద పోతాది, నువ్వు ఒక జానెడు పైన పో.
ఇంగొకటి. మీటేది అందరికీ వస్తాది,
ఆపేదే ఎవరికీ రాదు.
రాతి గదిలో సగమే వాయించు,
తక్కిన సగం బండలు వాయిస్తాయి."

అప్పుడు అడిగాను, సిగ్గుపడుతూనే.
శెనక్కాయ మూటల గదిలో రికార్డు చేసిన నా పాట,
తొమ్మిదిసార్లు మిక్స్ చేసినా
ఫోనులో నేను లేను.
లావు పెంచిన కొద్దీ ఇంకా లేను.

బీడీ ఆర్పేదాకా ఏమీ అనలేదు.
"ఫోను నోరు ఎంత? ఇంత.
దాంట్లో ఏనుగు పడతాదా?
గంట పట్టించు చాలు.
కొంచెం గరుకు కలుపు, వేలు తీగను గీకిన చప్పుడు
కడిగేయాకు, ఉండనీ.
గంట ఇనపడితే
ఏనుగు ఉందని వాళ్లే అనుకుంటారు."

జనం నిండారు.
ఆయన చెప్పులు మిక్సర్ కింద విడిచి
హాలు నడిమధ్యకు పోయి నిలబడ్డాడు.
ఎడమ చెవి మైకు సెట్ల కాలంలోనే పోయింది.
కుడి చెవి సలోమి గొంతుకు సరిపోతుంది.
నన్ను మాత్రం అరికాళ్లతో వింటాడు.
బండ మీద బొటనవేలు ఎత్తితే
నేను ఎక్కువైనట్టు.

మూడు పాటలదాకా నావైపు ఎవరూ చూడలేదు.
నాలుగో పాటలో జాక్ జారింది.
సలోమి లయ తప్పలేదు గానీ
మెట్లు దిగుతూ చీకట్లో
ఆఖరి మెట్టు కోసం కాలు చాచినట్టు పాడింది.
పెద్ద స్పీకరు పక్కన నిద్రపోతున్న ఎవరి పిల్లోడో
ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు.
మద్దిలేటన్న మొదట తన పాదాలు చూసుకుని
తర్వాత నన్ను చూశాడు.
నేను వంగేలోపలే పరుగున పోయి ఫేడర్ దించేశాడు.
టప్పుమని పేలాల్సింది పేలకుండా
మళ్లీ ఎక్కాను.

పిల్లోడు మాత్రం మళ్లీ పడుకోలేదు.

అర్ధరాత్రి వైర్లు చుట్టేటప్పుడు
బాగుందని గానీ బాగలేదని గానీ అనలేదు.
"మోచేతికి చుట్టాకు, మెలి పడతాది" అన్నాడు అంతే.

పొద్దున పాలిష్ మిషను ముందు
తడి బండ మీద చెప్పులు విడిచి నిలబడ్డాను.
మూడో మెట్టు.
వెంట్రుకవాసి ఎక్కువ.
"షాక్ కొట్టి సస్తావు, చెప్పులేసుకోరా!" అని
మేస్త్రి అరిచాడు.