ఆరో గేరు

పుత్లీబౌలిల మా షెడ్డుకు
ఇయ్యాల ఒక్క పొద్దే రెండు బండ్లొచ్చినయ్.

ఒకటి పాతదాని లెక్కుంటది, పాతది గాదు.
గుండ్రటి హెడ్‌లైటు, మామిడికాయసొంటి ట్యాంకు,
సైలెన్సరు మీద మొకం జూసుకునేంత మెరుపు.
సీటిప్పితే కింద కంప్యూటరు డబ్బి.
అలవాటుకొద్ది నా కుడికాలు
కిక్కు రాడ్డు కోసం దేవులాడింది.
లేదు.
తాత ఏషం గట్టిన ఇస్కూలు పిల్లగాని తీరు
అంటుపెట్టిన మీసం కింద
నవ్వాపుకుంటున్నది బండి.

రెండోది ఏషాలెయ్యది.
గాలిని జీల్చే అద్దం, రెండు దిక్కుల పెట్టెలు,
స్టాండు మీద నిలవడ్డా ఊరు దాటినట్టే ఉంటది.
స్క్రీను మీద మూడు మోడ్లు, అండ్ల ఒకటి వానదట.
మూసీ పొంగి చాదర్‌ఘాట్ కింది వంతెన మునిగిన్నాడు
ఏది నొక్కాలెనో మాత్రం అండ్ల లేదు.

మా ఖలీల్ ఉస్తాద్ ఉన్నప్పుడు
స్క్రూడ్రైవరు పిడి చెవికానిచ్చి
మొన ఇంజను మీద వెట్టి ఇనేటోడు,
డాక్టరు లెక్క గాదు,
గోడవతలి లొల్లి ఇనే పక్కింటామె లెక్క.
"ట్యాపెట్ అలిగింది" అనేటోడు.
ఇప్పుడు స్కానరు పెడ్తం.
అలిగిందో లేదో జెప్పది, నంబరు జెప్తది.

చేతులు నల్లగైనంక తెలిసింది
ఏది ఎంత తిరిగిందో.
తాత ఏషపు బండి ఫిన్నుల నడుమ
ఎండిన టేకాకు ముక్క,
మడ్‌గార్డు లోపలంత ఎర్రమన్ను.
టైరు రెండంచులు ఒక్క తీరుగ అరిగినయ్,
శ్రీశైలం ఘాటు మలుపులు బట్టీ వట్టిన టైరు.
పెద్దదాని టైరేమో నట్టనడుమ
పీట లెక్క సాపుగైంది.
మూడేండ్లు, నానక్‌రాంగూడకు పోవుడు, వచ్చుడు.
పెట్టెల టిఫిను డబ్బ, రెయిన్‌కోటు,
మడత ఇప్పని లదాఖ్ మ్యాపు.
మెహదీపట్నం సిగ్నలు కాడ తిరిగి తిరిగి
ఫ్యాను బేరింగు అరుస్తున్నది.
ఔటర్ రింగు రోడ్డెక్కుదమంటే
రెండు చక్రాలకు ఆడ దారియ్యరు.

దాని ఓనరు శశాంక్ సారు
"ఈ దసరాకు పక్కా" అంటడు.
మూడు దసరలైనయ్.
నవ్వుతలేను, లీవు దొరకాలె గద.

చిన్నదాని ఓనరు సువార్తమ్మ, దవాఖాన్ల నర్సు.
నైట్ డ్యూటీ దిగి అట్లనే సాగర్ దిక్కు పోతది.
"పాత మోడలంటే పానమా అమ్మా?" అన్న.
"పాతా లేదు పాడూ లేదు.
షోరూముల అన్నిటి మీద కూసోని జూసిన.
దీని మీదనే నా రెండు కాళ్లు నేలకానినయ్."
గంతే.

రాత్రి పదకొండుకు పెద్దదాన్ని టెస్టుకు దీసిన.
ఘట్‌కేసర్ దాటినంక వరంగల్ రోడ్డు ఖాళీ.
ఆరో గేరేసిన.
అప్పటిదాక గొణిగిన ఇంజను
నిద్రల పిల్ల పక్కకు ఒత్తిగిలినట్టు సదురుకున్నది.
రెండు నిమిషాలు.
బీబీనగర్ చెరువు గాలి అద్దమెక్కి
నా నెత్తి మీదికెల్లి పోయింది.
మల్ల వెనక్కి తిప్పిన.

తెల్లారి బిల్లుల రాసిన:
చైను, ప్యాడ్లు, కూలంటు, ఫ్యాను బేరింగు.
ఆ రెండు నిమిషాలు రాయలే.

పొద్దుమీకి షెట్టర్ దించుతుంటే రియాజ్‌గాడడిగిండు,
"నీకైతే ఏది గావాలె ఉస్తాద్?"
"మోకాళ్ల నొప్పోనికి
బస్సుల కిటికి సీటు గావాలె, పోరా."

నిజంగనే దొరికింది సీటు.
దిల్‌సుఖ్‌నగర్ దాటినంక జూసుకున్న:
డ్రైవరు గేరు మార్చినప్పుడల్ల
నా ఎడమ కాలు, నన్నడగకుంటనే,
చెప్పుల ఒక్కో మెట్టెక్కుతున్నది.
ఆయన ఐదు కాడ ఆగిండు.
కాలు ఆగలే.