ఖాళీ రాడ్డు

సాల్మియాలో రాత్రి పదకొండున్నరకి
జిమ్ము తలుపుకి లోపలి నుంచి గడియ పడుతుంది.
అప్పటికి నేను
పద్నాలుగు బెంచీల మీద పరాయి చెమట తుడిచేసి ఉంటాను.
తువ్వాళ్ళు మిషన్లో తిరుగుతుంటాయి.
"రా, నీ వంతు" అంటాడు నిశాంత,
వచ్చీరాని హిందీలో.

మొదటి మూడు వారాలూ ఖాళీ రాడ్డే.
ఇరవై కిలోల ఇనుము. ఇటో బిళ్ళ, అటో బిళ్ళ కూడా లేదు.
రాజోల్లో దింపు కాయల బస్తాలు
లారీకెక్కించిన భుజం నాది.
నవ్వొచ్చింది.
"బరువు తర్వాత. ముందు నిలబడ్డం నేర్చుకో."
అద్దానికి వీపు పెట్టించి నిలబెట్టాడు.
చూసుకుంటూ ఎత్తితే మెడ వంకరపోతుందట.

శుక్రవారం ఆరాధనలో గుర్తొచ్చింది ఆ మాట.
మైకు నా చేతికొస్తే
ఎంత ఏడ్చేవాణ్ణని, ఎంత గట్టిగా,
ఒక కన్ను ఓరగా తెరిచి
ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకుంటూ.

ఆ వారం సాక్ష్యం చెప్పలేదు.
వెనక, చెప్పుల గుట్ట పక్కన కూర్చున్నాను.
అక్కడే మోకరించి ఉంటుంది దయామణక్క,
కింద వ్యాను హారను కొట్టేదాకా.
ఇంటావిడ ఇచ్చేది గంట సెలవు.
"అరచేతుల్లో ఆ కాయలేంట్రా?"
ఇనుమని చెప్పాను.
"నావి ఇక్కడ" అని మోకాలు తట్టుకుంది.
"మా ముసలావిణ్ణి రోజుకి ఆరుసార్లు మంచం మీంచి ఎత్తాలి.
ఎత్తేముందు ఆయన్ని పిలుస్తాను, దించాక పిలుస్తాను.
ఎత్తేటప్పుడు మాత్రం ఊపిరి చాలదు.
ఆయనకి తెలుసులే."

జూలైలో నా ప్రార్థన ఎండిపోయింది.
కళ్ళు మూస్తే ఏసీ చప్పుడు, అంతే.
బరువు కూడా అరవై దగ్గర ఆగిపోయింది, ఐదు వారాలు.
నిశాంత తన నోటుబుక్కులో
అరవై, అరవై, అరవై అని రాసుకుంటూ పోయాడు
విసుక్కోకుండా.
"కండ ఇక్కడ పెరగదు. ఇక్కడ చిరుగుతుంది.
పడుకున్నాక అతుక్కుంటుంది, నువ్వు చూడనప్పుడు."
వాడి పర్సులో బుద్ధుడి బొమ్మ ఉంటుంది.
ఆ ఒక్క మాట పట్టుకుని
నేను ఎండిన మోకాళ్ళ మీదే ఉండిపోయాను,
ఏమీ అడక్కుండా, ఏమీ వినబడకుండా,
రోజూ పావుగంట.

ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి
హవల్లీ గదిలో కృపాదానం మెలికలు తిరిగిపోయాడు.
కిడ్నీలో రాయి.
లిఫ్టు చెడిపోయి వారం. మాది ఐదో అంతస్తు.
వీపుమీద వేసుకున్నాను.

మనిషి రాడ్డులా ఉండడు.
జారతాడు. మూలుగుతాడు.
మెడ పిసుకుతాడు, భుజం మీద కక్కుతాడు,
"దించెయ్ బావా, చచ్చిపోతాను" అంటాడు.
మెట్టుకో ఊపిరి వదిలాను.
మూడో అంతస్తులో లైటు లేదు.
గోడ వేడిగా తగిలింది, అర్ధరాత్రి కూడా.

ఆసుపత్రిలో నర్సు తూకం చూసి రాసుకుంది: ఎనభై రెండు.
నేను కుర్చీలో కూలబడి, అప్పుడు గమనించాను
దారంతా ఒక్క ప్రార్థనా చెయ్యలేదని.
సిగ్గుపడబోయాను.
ఊపిరి చాలదు అన్న అక్క గొంతు గుర్తొచ్చింది.

ఎనభై రెండని ఎవరికీ చెప్పలేదు.
(మీకు చెప్పేశాను, అదీ నా సంగతి.)
శుక్రవారం మైకు వస్తే పక్కవాడికి అందించాను.
నడుం పట్టేసింది. నిశాంత తిట్టి,
బిళ్ళలన్నీ పీకి గోడకి పేర్చాడు.
మళ్ళీ మొదటినుంచి.

ఇప్పుడు పదకొండున్నర.
అద్దం నా వెనక ఉంది.
భుజాల మీద ఉత్త ఇనుము, చల్లగా.
కిందికి వంగాను. పైకి లేస్తూ ఊపిరి వదిలాను.
అందులో ఒక పేరుంది,
నాకే సరిగ్గా వినబడలేదు.