ఆరో గుంత

కొల్లాపూర్ లాడ్జి పిల్లాడు
నా సంచి చూసి, "వీణనా మేడమ్?" అన్నాడు.
కాదు, కర్రలు.
బ్యాంకు లెక్కలు తనిఖీ చేస్తూ ఊరూరు తిరిగే నాకు
ఆదివారం ఒక్కటే సొంతం.
దాన్ని కారు డిక్కీలో పెట్టుకుని తిరుగుతాను.

సోమశిల దారిలో, గుట్ట నెత్తి మీద,
ఎవరో కాంట్రాక్టరు మోజుపడి వేయించి
మోజు తీరాక వదిలేసిన గోల్ఫ్ మైదానం.
తొమ్మిది గుంతలు. పచ్చిక రెండు వానల దాకే.
బంతి దొర్లే చోట ఇసుకలో పాత ఇంజనాయిలు కలిపి
గోనెసంచి ఈడ్చి నున్నగా చేస్తారు.
కింద మూడు వైపులా కృష్ణ.
అవతల నల్లమల,
ఒకదాని వెనక ఒకటి పండుకున్న బర్రెల వీపులు.

సంచి మోయడానికి వచ్చినాయన పేరు కుర్మయ్య.
అరవైకి అటూ ఇటూ. తలకు తువాల,
కాళ్ళకు ఎవరో ఇచ్చిపోయిన బూట్లు,
లేసులకు బదులు సుతిలి తాడు.
కర్రల పేర్లు ఆయనకు పట్టవు.
"సన్నది ఇయ్యాల్నా, బోడది ఇయ్యాల్నా?"
అడుగుతాడు గానీ, ఇచ్చేది సరైనదే.

రెండో గుంత దగ్గర నేను వంగి, ఒక కన్ను మూసి
టీవీలో చూసినట్టు వాలు కొలుస్తుంటే
ఆయన సీసా మూత తీసి
పుక్కెడు నీళ్ళు ఇసుక మీద పోశాడు.
నూనె మీద నీళ్ళు పూసలై నిలిచి,
కాసేపు ఆలోచించి,
ఎడమకు జారాయి.
"గట్లనే కొట్టుండ్రి.
నీళ్ళు యాడికి వోతయో బంతి ఆడికే వోతది.
ముప్పై ఏండ్లు కాలువలు తవ్విన,
నోరు తిరగని ఊర్లల్ల.
ఇంజినీరు దుర్బీన్ల జూసి చెప్పేది
నేను పాదంతోని చెప్పేటోణ్ణి."
కొట్టాను.
సొరకాయ బుర్రలో గవ్వ పడ్డట్టు చప్పుడు.

ఆరో గుంత. అందరూ ఫోటో దిగే చోటు.
మనం ఈ బండ అంచున, జెండా ఆ బండ మీద,
మధ్యలో నూటయాభై గజాల గాలి,
గాలి కింద నీళ్ళు.
బంతి లేచింది, కొంగంత నమ్మకంగా.
సగం దూరం పోయాక నమ్మకం పోయి
కిందికి.
చప్పుడు కూడా పైదాకా రాలేదు.

"మా ఊర్ల వడ్డది," అన్నాడు కుర్మయ్య.

నాకు అర్థం కాలేదు. చెయ్యి చాపాడు:
"అగో, ఆ పుట్టి ఉన్నకాడ కచ్చీరు.
దానెనక మా వాడ.
జరంత కుడిదిక్కు కొట్టింటే పెద్దబాయిల వడుతుండె.
డ్యాము నీళ్ళొచ్చిననాడు నాకు పదారేండ్లు.
అందరం బండ్లు కట్టినం.
పొదుగుతున్న కోడి ఒక్కటి
గుడ్ల మీదికెళ్ళి లేవలె."

ఏదో ఒకటి అనాలని, అట్ట ముక్క తీసి చెప్పాను:
నీళ్ళల్లో పడితే ఒక దెబ్బ శిక్ష, ఆట నియమం.
"ఒక్కటేనా?" అన్నాడు.
నవ్వుతూనే అన్నాడు.
నేనే పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాను.

ఎండాకాలం నీళ్ళు దిగితే గోడలు తేలతాయట.
రోళ్ళు, గడపరాళ్ళు, సగం సగం అరుగులు.
సంచి భుజాన వేసుకుని బంతులేరడానికి పోతాడట.
"పోయినేడు నూటా పదకొండు.
మా అమ్మ పొయ్యిల మూడు దొరికినయి.
గుడ్లనుకున్న."

మిగతా మూడు గుంతలూ ఆడాను. బాగా ఆడలేదు.
పోయేముందు ఆయన దగ్గర ఒక బంతి కొన్నాను,
ఇరవై రూపాయలు.
ఒక చెంప మీద ఒండ్రు మరక,
గోరుతో గీకినా పోలేదు.

సోమవారం, కల్వకుర్తి బ్రాంచి.
మొండి బాకీల ఖాతాలు తిరగేస్తుంటే
ఫ్యాను గాలికి కాగితాలు లేచాయి.
చేతికందిన బంతి వాటి మీద పెట్టాను.
బల్ల సమంగా లేదు. ఎడమకు దొర్లింది.
మేనేజరు పట్టుకోబోయాడు.
ఉండండి, అన్నాను,
ఎటు పోతుందో చూద్దాం.