స్టెన్సిల్ రేకు

ఆ అక్షరాలు చదవడం నాకు రాదు,
ఆరేళ్ళు రాసినాను గానీ.
మొదట సున్న. పక్కన కాళ్ళపీట. పళ్ళూడిన దువ్వెన.
రెండు కొడవళ్ళు. చివర నిచ్చెన.
ఒదెస్సా అంటారని చెంగల్రాయులు చెప్పినాడు.

బంగారుపాళ్యం రోడ్డులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెలంతా ఆవిరీ, ఈగలూ, టెంకల గుట్టలూ.
పెట్టె మీద రేకు ఆనించి
నల్లరంగు బ్రష్షుతో రెండు దెబ్బలు. అంతే నా ఉద్యోగం.

స్టోర్‌కీపర్ చెంగల్రాయులు బీడీ ముట్టించి అనేవాడు:
"డాలర్లు లేవబ్బా, అంతా రూపాయల లెక్కే.
వాళ్ళు తుపాకులిచ్చినారు, మనం కాయ ఇస్తాం.
అటు అమెరికా, ఇటు రష్యా, నడాన మనం.
తోతాపురి మాదిరి,
పులుపూ కాదు, తీపీ కాదు.
అందుకే గుజ్జుకు పనికొస్తాం."

తొంభై ఒకటిలో కాయ విరగ్గాసింది.
నాలుగువేల పెట్టెలు మద్రాసు రేవులో ఓడ కోసం కూర్చున్నాయి.
డిసెంబరు చలిలో రేడియో చెవికానించుకుని
"జెండా దించేసినారంట" అన్నాడు.
ఎవరు గెలిచినారంటే
"మన బిల్లు మీద సంతకం పెట్టేవాడు లేడు" అన్నాడు.

లారీలు వెనక్కొచ్చినాయి.
ఎండలు ముదిరినాక డబ్బాలు ఉబ్బి
అర్ధరాత్రి ఒక్కొక్కటే ఠప్పున పేలేవి.
నలభై ఏండ్లు ఒకరి మీద ఒకరు
ఒక్క బాంబూ వేసుకోలేదన్నారు గదా,
ఆ చప్పుళ్ళేవో మా గోడౌన్‌లో విన్నాను.

లేబుళ్ళంటించే కుప్పమ్మకు మూడువారాల కూలి బాకీ.
బదులుగా డబ్బాలిచ్చినారు.
గుజ్జు పారబోసి కనకాంబరాలు నాటింది.

తర్వాత వేరే రేకులొచ్చినాయి: జెద్దా, రాటర్‌డామ్.
దేశం పోయినా అప్పు పోలేదు.
టీపొడితో, తోళ్ళతో
ఎన్నేండ్లో తీరుస్తానే ఉన్నామంట.

ఇప్పుడు మనవరాలు ఫోన్ చూపిస్తాది.
ఒదెస్సా రేవు కాలతా ఉండాది.
అది వేరే దేశమంట, బాంబులేసేది రష్యానంట.
మనమెటు తాతా అని అడిగింది.
పెద్ద సభలో చెయ్యెత్తకుండా కూర్చున్నామంట,
చమురు మాత్రం కొంటా ఉన్నామంట.
చెంగల్రాయులు ఉంటే బీడీ ముట్టించేవాడు.
నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఆ రేకును కోళ్ళగూటికి కిటికీగా కొట్టినాను ఎప్పుడో.
పొద్దున ఎండ దాంట్లో నుంచి నేలమీద పడతాది,
సున్న, పీట, దువ్వెన, కొడవళ్ళు, నిచ్చెన.
ఒక కోడిపిల్ల
పీటను గింజనుకుని పొడస్తా ఉండాది.