ఇతర వివరాలు ఏమైనా ఉంటే

గడువు బెల్జియంలో అర్ధరాత్రి.
విజయనగరంలో అది తెల్లారి నాలుగున్నర.
కంటోన్మెంటు కుక్కలు కూడా పడుకున్నాయి,
నేనూ ఈ ఫారమూ మేలుకుని ఉన్నాం.

అభ్యర్థి ఇంటిపేరు: లెంక.
పేరు: పైడికుమారి.
ఏది ముందో ఏది వెనకో ఆ గడులకు తెలీదు,
రెండుసార్లు తారుమారైంది.

మీరు బోధించిన వారిలో ఈమె స్థానం?
మొదటి ఒక శాతమా, అయిదా, పదా?
చుక్క పెట్టమంటుంది.

ఇరవై రెండేళ్లుగా స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతున్నాను,
పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందని అడిగారు పిల్లలు.
ఈమె మాత్రం
చంపావతి పారే నీట్లో ఊరిన గోగునారా
మడుగులో నిలవనీట్లో ఊరిన నారా
ఒకేలా ఎందుకు తెగవని అడిగింది.
తెలీదన్నాను.
ఆ ఒక్క మాట అనడానికి
గ్లాసుడు మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

ల్యాబులో టెన్సిల్ మిషను మూడేళ్లుగా మూగనోము పట్టింది.
రేషను డీలరు దగ్గర తూకపు రాళ్లు అరువు తెచ్చింది ఈ పిల్ల.
కిటికీ ఊచకి నారపురి కట్టి
యాభై గ్రాములు, వంద, రెండొందలు, కేజీ...
తెగినప్పుడల్లా రాయి దబ్బున పడేది,
కింది క్లాసులో ఇంగ్లీషు మేడం ఉలిక్కిపడేది,
నాలుగొందల పన్నెండు సార్లు.
లెక్క నాది కాదు, మేడంది.

నిన్న వాళ్లమ్మ వచ్చింది నెల్లిమర్ల అవతల నుంచి,
గోళ్ల సందుల్లో ఇంకా నార జిగురు.
"సదివినందుకు ఆల్లే జీతమిస్తారా బాబూ?
ఇదేటి సిత్రం! బదులుకి ఏటడుగుతారు మరి?"
"ప్రశ్నలు వెతకమంటారమ్మా, నాలుగేళ్లు."
కాసేపు ఆలోచించి,
"అయితే ఆ పని దీనికి వొచ్చు" అంది.

కష్టపడే మనిషి అని రాసి చెరిపేశాను.
నార ఒలిచే ఊళ్లో కష్టపడని వాళ్లెవరు గనక.
క్రమశిక్షణ అని రాసి
మేడం గుర్తొచ్చి అదీ చెరిపేశాను.
వాల్తేరు బీరువాల్లో సగంలో ఆగిన నా పరిశోధన సంగతి
ఫారం అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ప్రొఫెసరు గురించి చదివాను.
వాళ్ల ఊళ్లోనూ ఒక నది ఉందట,
పూర్వం అవిసె కట్టలు అందులోనే ఊరేసేవారట,
వేసవంతా ఊరు కంపు కొట్టేదట.
ఆ మాట దగ్గర ఆగిపోయాను.
కంపు.
నెల్లిమర్ల దాటుతుంటే రైల్లో జనం ముక్కు మూసుకునే కంపు.
ఈ పిల్ల ఆరేళ్లు కాలేజీ బస్సులో
కిటికీ పక్కనే కూచుని, పౌడరు చాటున దాచుకున్న కంపు.
అక్కడ దాన్ని తల్చుకుంటూ మ్యూజియం కట్టుకున్నారట.

ఈ సంగతి ఆమెకి చెప్పలేదు.
వీడియోలో ఆయన ముఖం చూస్తూ తనే కనుక్కోనీ.

ఒక శాతం దగ్గర చుక్క పెట్టాను.
అడుగున ఇంకో గడి ఖాళీగా ఉంది:
ఇతర వివరాలు ఏమైనా ఉంటే రాయండి.
నాలుగూ పది.

రాశాను:
అయిదు కేజీల రాయి ఒకటి
మా ల్యాబు కిటికీకి ఇంకా వేలాడుతోంది,
ఇవాళ్టికి ముప్ఫై ఎనిమిదో రోజు.
చంపావతిలో ఊరిన నార అది.
డీలరు రోజూ వచ్చి అడుగుతున్నాడు.
ఈమె విప్పనివ్వడం లేదు.